మూతకు ముందు మూడు పుస్తకాలు

మూతకు పన్నెండు రోజులు

నాలుగో ఇంక్లైన్ గనిలో నివసించు ఆబాలగోపాలానికి పుస్తకాల డిపో తరఫున తెలియజేయడమేమనగా: చింతపండు చేత్తో పేజీ తిప్పుట, పేజీ మూల మడుచుట, పుస్తకమును తల కింద దిండుగా, కుండ మీద మూతగా, బొద్దింకల మీద ఆయుధముగా వాడుట నేటి నుంచి ఘోర నేరములుగా ప్రకటించడమైనది. పుస్తకములో దొరికిన వెంట్రుక ఎవరిదో తేల్చుటకు డిపో నిర్వాహకురాలికి సర్వాధికారములు కలవు. ఆమె తీర్పుపై అప్పీలు లేదు. ఇట్లు, కొమురమ్మ, ఎనిమిదో తరగతి (తప్పింది).

పొద్దున దీన్ని డిపో తలుపుకు అంటించాను. మధ్యాహ్నానికి కింద ఎవరో బొగ్గుతో "ఎక్కువ నీ వెంట్రుకలే దొరుకుతయ్" అని రాశారు. అది దీపాలిచ్చే ల్యాంప్ రూం పిల్ల స్వరూప చేతిరాత. తుడవలేదు. నిజం రాసినవాళ్లను నేనేమీ అనను.

ఇక అసలు సంగతి. సలహా పెట్టె చచ్చిపోయింది.

కప్పులోంచి కారిన నీళ్లు దాని నెత్తిన పడ్డాయి. బీరువా అంత పెట్టె, మూడుసార్లు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది. పన్నెండు రోజుల్లో మూత, అంటే పైగేటు దించేస్తారు. ఎండలు దిగే దాకా తొంభై రోజులు ఇదే గనిలో రెండు వందల పన్నెండు ఇళ్లు. ఇంటికి మూడు పుస్తకాలు. ఒకటి నిజాలది, ఒకటి దయ్యాల ప్రేమది, ఒకటి ఏమీ జరగనిది. రంధ్రంలో బొటనవేలు పెడితే పెట్టె నాడి చూసి, చెమట చూసి, ఎవరికి ఏ మూడో చీటీ కొట్టి ఇచ్చేది. పెట్టె చీటీ మా దగ్గర డాక్టరు చీటీ కంటే ఎక్కువ.

పెట్టె చెడిపోతే ఇంటి నంబరు వరుసలో పంచాలని రూలు. ఎర్ర దుమ్ము లేచిన ఏడాది అలాగే పంచారు. బాలింతకు శ్మశానాల చరిత్ర వచ్చింది. రెండో నెలకే మూడు గ్యాలరీల్లో, అంటే మూడు సొరంగం వీధుల్లో తలలు పగిలాయి. తొంభై రోజుల చీకట్లో తప్పుడు పుస్తకం తప్పుడు మొగుడి లాంటిది. వదిలి పోవడానికి దారి ఉండదు.

కాబట్టి పెట్టె చచ్చిన సంగతి ఎవరికీ చెప్పలేదు. వెనక తలుపు మరలు విప్పి, లోపలి పేగులన్నీ తీసి, పీట వేసుకుని నేనే కూర్చున్నాను.

మూతకు పదకొండు రోజులు

పని బాగుంది. వేలు రంధ్రంలోకి రాగానే లోపలి నుంచి తడి చెంచా ఆనిస్తాను. "అబ్బ, సల్లగ సూస్తున్నది" అంటారు. ఆపైన మనసులోది చెప్పుకుంటారు. పెట్టెకు అన్నీ చెప్పాలని వాళ్ల నమ్మకం. విని, మూడు నంబర్లు అచ్చు అంకెల్లా రాసి కింది సందులోంచి తోస్తాను. కౌంటర్ మీద మాత్రం "నిర్వాహకురాలు స్నానానికి వెళ్లింది" అని పలక పెట్టాను.

ఈ పూట మూడో గ్యాలరీ లచ్చవ్వ, ఆమె తోడికోడలు వచ్చారు.

"కొమురక్క ఏదక్కా?"

"తానం చేస్తున్నదట."

"మల్లనా? పొద్దుగాల గూడ గదే రాసుండె. మనకు మనిషికి రెండు చెంబులే ఇస్తున్రు, గామెకు యాడివి నీళ్లు?"

"ఒళ్లుకు గాదే, నోరు కడుగుతున్నదేమో," అంది లచ్చవ్వ. " టైం పడ్తది."

లచ్చవ్వకు ఏమీ జరగని పుస్తకాల్లో ఆరు వందల పేజీలది రాశాను. కక్షతో కాదు. కొంచెం కక్షతో.

పుస్తకం చెప్పడం పెద్ద విద్యేం కాదు. ఎక్కువ మాట్లాడేవాళ్లకు నిజాల పుస్తకం లావుది ఇవ్వాలి. పక్కింటి సంగతులు మానేసి తేనెటీగల సంగతులు చెబుతారు. దయ్యాల ప్రేమలు కొత్త జంటలకు వద్దు, ఆ రెండూ వాళ్లకు ఇంట్లోనే దొరుకుతాయి. ఏమీ జరగనివి కోపిష్టివాళ్లకు. మొదటి వారం తిడతారు, రెండో వారం నిద్రపోతారు, మూడో వారానికి మనుషులవుతారు. పెట్టె కంటే నేనే నయం. దానికి ఎవరి అత్త ఎవరో తెలియదు.

మూతకు పది రోజులు

మస్టర్ రాజేశం వచ్చాడు. ఎవరు పైకి పోవాలో, ఎవరు కిందికి రావాలో పేర్లు రాసే మనిషి. ఇరవై ఏళ్లుగా నవ్వలేదని వాళ్ల ఇంటామె సాక్ష్యం.

"కథలు గిథలు వద్దు," అన్నాడు వేలు పెట్టి. "గాలి మరల రూల్సు బుక్కుంటె మూడు గవే ఇయ్యి."

ఎట్లా వదులుతాను? దయ్యాల ప్రేమల్లోంచి "వెన్నెల్లో సర్వేయరు" రాశాను. పాడుబడ్డ బంగళా కొలవడానికి ఒక సర్వేయరు పోతాడు. కొలత గొలుసు రెండో కొస పట్టుకోవడానికి మనిషి ఉండడు. వందేళ్ల కింద చచ్చిన ఆడమనిషి వచ్చి పట్టుకుంటుంది. ఆ గొలుసు పొడవునా వాళ్ల ప్రేమ.

రాజేశం చీటీ మూడుసార్లు చదివాడు. పెట్టె మీద ఒక దెబ్బ కొట్టాడు. నా చెవి గింగురుమంది. అయినా తీసుకుపోయాడు. పెట్టె రాశాక కాదనేవాళ్లు ఈ గనిలో లేరు.

మూతకు ఎనిమిది రోజులు

రాజేశం పొద్దున్నే కౌంటర్ దగ్గరికి వచ్చి అటూ ఇటూ చూశాడు. "కొమురమ్మా, గా సర్వేయరుది రెండో భాగం ఉన్నదా?"

"ఎవలికి సార్?"

"మా ఇంట్లకు."

"మీ ఇంటామెకు సదువు రాదు గద."

"సదివి వినిపిస్త," అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. నాకు ఈ ఒక్క రోజు చాలు, ఈ జన్మకు.

ఆ సంతోషం గంట కూడా లేదు. స్వరూప వచ్చింది. మధ్యాహ్నం ల్యాంప్ రూంలో ఉండాల్సిన పిల్ల, చేతికి కిరసనాయిలు వాసనతో అలాగే వచ్చింది.

"కొమురక్కా, మా బాపు మీది కాపలాకు పేరిచ్చిండు."

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

పైన ఫ్యాన్ నోరు ఉంటుంది. మా ఊపిరి అందులోంచే వస్తుంది. మూత నెలల్లో దాని జాలీకి ఇసుక పట్టకుండా ఊడవడానికి ఏటా ఒక మనిషిని పైన గుడిసెలో వదులుతారు, అదే మీది కాపలా. ఐదేళ్లలో ఐదుగురు పోయారు, ఇద్దరు తిరిగి వచ్చారు. స్వరూప తండ్రి ఓదేలు పంపు మనిషి. నీళ్లు ఎక్కడ ఊరుతున్నాయో చప్పుడు విని చెబుతాడు. పోయినేడు అతని భార్య రాజవ్వ తెల్లవారి వడియాలు ఎండేయడానికి పైకి పోయి, ఎండ ముదిరే లోపల దిగలేక అక్కడే పోయింది. అప్పటి నుంచి ఓదేలు పంపుతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు.

"ఎందుకట?" అన్నాను.

"ఎవలో ఒకలు పోవాలె గద అంటున్నడు. తిరిగొచ్చేటోని లెక్క లేదక్కా. పంపు తాళం నాకిచ్చిండు, సద్ది గిన్నె గూడ కడిగి బోర్లిచ్చిండు." కిరసనాయిలు చెయ్యి బట్టలకు తుడుచుకుంది. "నా మాట ఇంటలేడు. పెట్టె చెప్తె ఇంటడు. జర పెట్టెకు చెప్పరాదు?"

"పెట్టెకు నేనేం చెప్తనే, గది యంత్రం."

"నీ నోటికి యంత్రాలు గూడ భయపడ్తయ్."

మూతకు ముందురోజు మస్టర్‌లో పేరు ఖాయమవుతుంది. అప్పటి దాకా వారం ఉంది. వారం చాలు అనుకున్నాను. నా మీద నాకు నమ్మకం కొంచెం ఎక్కువ. అది ఎనిమిదో తరగతిలోనే మాస్టారు చెప్పారు.

మూతకు ఏడు రోజులు

ఓదేలు వచ్చాడు. వేలు చూడగానే గుర్తుపట్టాను. గోరు కింద గ్రీజు గీత, పక్కన కాలిన మచ్చ. చెంచా ఆనిస్తే అందరి వేళ్లూ ఉలిక్కిపడతాయి. ఈ వేలు కదలలేదు.

"నాకెందుకు పుస్తకాలు," అన్నాడు. "నేను మీదికి పోతున్న. గాడికి పుస్తకాలు పోనియ్యరు. మా ఇంటివి మూడు గూడ బిడ్డ పేరు మీద రాయి."

చెంచా పక్కన పెట్టి రెండు వేళ్లతో నాడి పట్టుకున్నాను. నిదానంగా, లోతు నుంచి తోడినట్టు కొడుతోంది.

"సల్లగుండె, ఎచ్చగైంది," అని గొణిగాడు. "ఇది గూడ ముసల్దైనట్టున్నది."

నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకున్నాను. అతని పేరు మీదే మూడూ రాసి తోశాను. నిజాల్లోంచి "మోట నుంచి పంపు దాకా". వెనకటి రైతులు బావి నీళ్లు ఎట్లా తోడారో బొమ్మలతో ఉంటుంది. దయ్యాల ప్రేమల్లోంచి సర్వేయరు రెండో ప్రతి. భార్య పోయిన మనిషికి ఇంతకంటే ఏం కావాలి, గొలుసు పట్టుకుని లోకంలోనే ఉంటాడు అనుకున్నాను. మూడోది "వారం రోజులు". అది ఎందుకు రాశానంటే దగ్గరలో ఉంది. నేను ముప్పై పేజీలు చదివి వదిలేసిన పుస్తకం.

ఓదేలు చీటీ వంక చాలాసేపు చూసి, పుస్తకాలు చంకలో పెట్టుకుని పోయాడు.

మూతకు ఐదు రోజులు

ఓదేలు మళ్లీ వచ్చి పెట్టె ముందు నిలబడ్డాడు. వేలు కూడా పెట్టలేదు. చేతులు కట్టుకున్నాడు.

"మోట బుక్కు మంచిగున్నది. ఒక్క పూటల అయిపోయింది. సర్వేయరుది గూడ అయిపోయింది." గొంతులో వెలుగు. ఏడాదిగా ఈ గొంతు వినలేదు. "నాకు సమజైంది. చివరికి గా పిలగాడు గొలుసు పట్టుకొని మంచులకు నడిచి పోతడు గద, ఆమె ఎన్క. నన్ను గూడ గట్లనే పొమ్మని నువ్వే చెప్తున్నవ్. రాజవ్వ మీదనే ఉన్నది. పోతున్న. శానా సంతోషం."

దండం పెట్టి పోయాడు.

నేను రాసిన మందు తిని మనిషి చావడానికి కులాసాగా బయలుదేరాడు. ముప్పై ఏళ్లుగా ఎందరినో ఆటపట్టించాను. ఉప్పు డబ్బాలో చక్కెర పోశాను, రాజేశం టోపీలో కప్పను పెట్టాను. ఏ ఆటా మనిషి ప్రాణం మీదికి రాలేదు.

మిగిలింది ఒక్క పుస్తకం. డిపో తలుపు వేసి "వారం రోజులు" రెండో ప్రతి కూర్చుని చదివాను. ఒక మొగుడు. పెళ్లాం వారం రోజులు చుట్టాలింటికి పోతుంది. అంతే. ఉప్పు ఎక్కడుందో వెతుకుతాడు. సూదీ దారం ఎక్కడుందో వెతుకుతాడు. ఆమె ఏ డబ్బా పక్కన ఏ డబ్బా ఎందుకు పెట్టిందో నిదానంగా తెలుసుకుంటాడు. రెండు వందల నలభై పేజీల్లో ఇంతకు మించి ఏమీ జరగదు. ఎనభయ్యో పేజీలో నేను ఏడ్చాను. ఎందుకో చెప్పలేను. అక్కడ ఉన్నది ఇంగువ డబ్బా.

ఈ పుస్తకం పని చేస్తుంది. కానీ మెల్లగా చేస్తుంది. దానికి టైం కావాలి.

మూతకు నాలుగు రోజులు

ల్యాంప్ రూం దగ్గర దీపాల కోసం వరుస. ఓదేలు నా ముందు నిలబడ్డాడు. పక్కన రాజేశం పేర్లు రాసుకుంటున్నాడు. మా తాతల నాటి కట్టుబాటు ఒకటి ఉంది, అది మాటల్లో పెట్టి గుర్తు చేశాను.

"ఓదేలన్నా, మూడో పుస్తకం అయిందా? సగం సదివిన పుస్తకం కింద ఇడిసిపెట్టి మీదికెక్కొద్దు. కప్పు కూలుతది. తాతల నాటి మాట, ఎర్కే గద."

మొదట లచ్చవ్వ అందుకుంది. "అవు! మా పెద్దవ్వ చెప్తుండె. రెండో గ్యాలరీ గట్లనే కూలిందట."

"రెండో గ్యాలరీ గాదు, ఏడోది," అన్నారు వెనక నుంచి.

రాజేశం పెన్ను ఆపాడు. "అది రూల్సు బుక్కుల లేదు. రాయని రూలు. మా నాయన నాకు చిన్నప్పుడే చెప్పిండు."

ఓదేలు వెనక్కి తిరిగి నన్ను చూశాడు. "మూడోది ఇప్పుడే మొదలువెట్టిన," అన్నాడు. "సన్నదే. రెండ్రోజులల్ల అయిపోతది."

మూతకు రెండు రోజులు

స్వరూప పరుగున వచ్చింది. "అక్కా, మా బాపు ఏందేందో చేస్తున్నడు. రెండు పేజీలు సదువుతడు, లేసి అవ్వ డబ్బాలన్నీ తీస్తడు. మెంతుల డబ్బల చింతగింజలు దొరికినయ్. అష్టాచెమ్మకు దాసుకున్నదట. గంటసేపు అరచేతుల పెట్టుకొని కూసున్నడు. మల్ల రెండు పేజీలు."

"ఇప్పుడెంతల ఉన్నడు?"

"ముప్పై దాటలే."

నేనే గెలిచాను అనుకున్నాను.

మూతకు ఒక రోజు

మస్టర్. ఇంక్లైన్ మొదట్లో ఊరంతా నిలబడింది. రాజేశం పేరు పిలిచాడు. "మీది కాపలా, ఓదేలు."

ఓదేలు ముందుకు వచ్చాడు. చేతిలో పుస్తకం, వేలు పేజీల మధ్య.

"అయిపోయిందా?"

"యాభై రెండుల ఉన్న."

"రేపు పొద్దుగాలకల్ల అయితదా?"

ఓదేలు నేల చూశాడు. "ఉరికిచ్చి సదివితె అయితది సార్. కని ఉరికిస్తె... ఇంకా శానా డబ్బాలున్నయ్."

స్వరూప నా చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి. రాజేశం పేరు మీద గీత కొట్టాడు. "కట్టు కట్టే. ఇంకెవలు పోతరు?"

ఇది నేను ఆలోచించలేదు. ఒకరిని ఆపితే ఇంకొకరు పోవాలి కదా. ఫ్యాన్ నోరు మూసుకుంటే ఊరికి ఊపిరి ఉండదు. ఎవరి కళ్లూ ఎవరూ చూడలేదు. నా నోరు నాకంటే ముందే తెరుచుకుంది.

"నా పేరు రాయి సార్."

"అందరికి పంచంగ డిపోల మిగిలిన పుస్తకాలు నాలుగు నీ పేరు మీదున్నయ్ గద. అన్నీ సదివినవా?"

"రెండు..."

"మిగిలిన రెండు?"

"సగం సగం."

"ఎన్కకు పో." రాజేశం చుట్టూ చూశాడు. "మొత్తం సదివినోళ్లు చేతులెత్తున్రి."

ఒక్క చెయ్యి లేవలేదు. పంచడం మొదలుపెట్టి పది రోజులే అయింది. రెండు వందల పన్నెండు ఇళ్లూ ఏదో ఒక పేజీలో ఇరుక్కుని ఉన్నాయి. లచ్చవ్వ ఆరు వందల పేజీల పుస్తకాన్ని చంటిపిల్లలా చంకనేసుకుని నిలబడింది. రాజేశం కూడా చెయ్యి ఎత్తలేదు, సర్వేయరును రెండోసారి చదువుతున్నాడు. నోటి దూలతో ఊరికి నేనే తాళం వేశాను. ఇప్పుడు నిజం చెబితే తాళం తెరుచుకుంటుంది. తెరుచుకుంటే ఓదేలు పోతాడు. జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని నిలబడ్డాను.

"మనిషి ఎందుకు పోవాలె?" అన్నాడు ఓదేలు. తనలో తాను అనుకున్నట్టు. "మోటకు రెండు తాళ్లుంటయ్ సార్. లావుది మోకు, తోలు సంచిని గుంజుతది. సన్నది తొండం తాడు, నోరు వంచుతది. జాలీ మీద పలక పెట్టి రెండు తాళ్లు కట్టి, గొట్టంల నుంచి కిందికి దించితె? ఇటు గుంజితె ఇసుక ఊడుస్తది, అటు గుంజితె మల్ల పైకి పోతది. బుక్కుల బొమ్మ గూడ ఉన్నది."

రాజేశం పెన్ను చెవి సందున పెట్టుకున్నాడు. "ఆ బుక్కు పట్రా."

మూత రోజు

గేటు దిగే లోపల తిరిగి దిగితే కట్టు తప్పినట్టు కాదని రాజేశం తేల్చాడు. తెల్లవారు జామున పదిమంది పైకి పోయి పలక బిగించి వచ్చారు. మొదటిసారి గుంజితే తాడు ఇరుక్కుంది. ఓదేలు చెవి గొట్టానికి ఆనించి విన్నాడు. "ఎడమ దిక్కు కప్పీ తిరుగుతలేదు," అన్నాడు. గ్రీజు పూశారు. రెండోసారి ఇసుక రాలిన చప్పుడు కింద మాకందరికీ వినిపించింది. రోజుకు నాలుగుసార్లు గుంజాలి. ఇళ్ల వరుసలో వంతులు రాశారు. మొదటి వంతు తనకే కావాలని లచ్చవ్వ పట్టుబట్టింది, ఆ లావు పుస్తకం నుంచి కాసేపు తప్పించుకోవచ్చని.

ఎండ ముదరక ముందే గేటు దిగింది. పైన ఎవరూ లేకుండా దిగిన మొదటి మూత ఇది.

మూత పడి ఇరవై మూడు రోజులు

తాడు మూడుసార్లు తెగింది. మూడుసార్లూ లోపలి నుంచే లాగి అతికారు. ఓదేలు నూట పదహారో పేజీలో ఉన్నాడు. ఇవాళ డిపోకు వచ్చి కౌంటర్ మీద మోచేతులు ఆనించాడు.

"ఇది అయిపోతె మల్ల ఏం సదవాలె, కొమురా? పెట్టెను అడుగుదామంటే వేలు పెడితె ఇప్పుడు సల్లగైతలేదు."

"నన్నే అడుగన్నా. మూడొకటి నేను చెప్త."

"నువ్వు చెప్తె నమ్మాల్నా?"

"నమ్మకు. సదువు."

నవ్వాడు. పోతూ పోతూ తలుపు మీది ప్రకటన మొత్తం పైకి చదివి మళ్లీ నవ్వాడు.

తర్వాత ఈ కుర్చీలో కూర్చునే మనిషికి ఒక మాట రాసి పెట్టాలి. పెట్టెలో నేను ఉన్నానన్న సంగతి ఎవరికైనా చెప్పు, నాకు బాధ లేదు. ఇంకొకటి ఉంది. సగం చదివిన పుస్తకం వదిలి పైకెక్కితే కప్పు కూలుతుందన్న కట్టు గురించి వెనక 'మూతకు నాలుగు రోజులు' అన్న పేజీలో తాతల నాటిదని రాశాను. ఇప్పుడు దాన్ని పిల్లలు పాటగా పాడుతున్నారు, రాజేశం రూల్సు బుక్కులో ఎర్ర సిరాతో ఎక్కించాడు, లచ్చవ్వ పెద్దవ్వ పేరు కూడా అందులో పడింది. ఈ గనిలో కప్పు రెండుసార్లు కూలింది. రెండుసార్లూ నీళ్ల వల్లే. ఏ తాతా అలాంటి మాట అనలేదు. ల్యాంప్ రూం వరుసలో ఓదేలు వీపు చూస్తూ, నా వంతు దీపం వచ్చే లోపల, నేనే అల్లాను.